మాయమైన ముందుమాట

ఆళ్ళగడ్డలో మా చర్చి పక్కగదిలో ఒక పాత కంప్యూటరు ఉండేది. సాయంత్రం బడి వదిలాక నేను అక్కడికి పోయి, స్విచ్ వేసి, అది తెరుచుకునేలోపు గది ఊడ్చి, కుర్చీలు సర్ది, సంచిలో తెచ్చుకున్న పరీక్ష పేపర్లు కొన్ని దిద్దేసేదాన్ని. తలెత్తి చూస్తే అది ఇంకా తిరుగుతూనే ఉండేది.

ఆ ఏడాది మా సంఘం వాళ్ళు ఒక పాటల పుస్తకం వేయాలనుకున్నారు. అచ్చులో ఉన్న పాటలు కావు. మా వాళ్ళే కట్టుకుని, పప్పుశనగ పీకేటప్పుడో, కలుపు తీసేటప్పుడో, చావింటి దగ్గర కూర్చున్నప్పుడో పాడుకునే పాటలు. ఊళ్ళు తిరిగి వాటిని ఫోనులో పట్టుకుని రావడం, టైపు చేయడం నా పని. సరిచూసే పని ఒక రిటైరైన హెడ్మాస్టరుగారిది. హైస్కూల్లో నాకు తెలుగు చెప్పింది ఆయనే. నంద్యాలలో ఇల్లు కట్టుకున్నా సంఘం మాత్రం మార్చుకోలేదు. వారంలో కొన్ని రోజులు పొద్దున బస్సుకు వచ్చి, మధ్యాహ్నానికి పని ముగించుకుని వెళ్ళిపోయేవారు. గదికి రెండు తాళంచెవులు. ఒకటి ఆయన దగ్గర, ఒకటి నా దగ్గర. ఆయన పొద్దున, నేను సాయంత్రం. ఆదివారం ఆరాధనలో తప్ప మేమిద్దరం ఎదురుపడేవాళ్ళమే కాదు.

కంప్యూటరు నత్తనడక చూసి విసిగిపోయి ఒక శనివారం నంద్యాల పోయాను. పాత హార్డ్‌డిస్క్ బదులు ఎస్సెస్డీ అని కొత్తరకం డిస్కు వేస్తే బాగవుతుందని బడిలో ఎవరో చెప్పారు. షాపతను చాలా ధీమాగా మాట్లాడాడు.

“సీపీయూ తెచ్చి ఈడ పెట్టి పోండి మేడమ్. రేపు సాయంత్రానికి ఇస్తా. దెబ్బకు తెరుచుకుంటాది.”

“మా ఫైళ్ళు?”

“ఏమీ పోవు.”

“పోతే?”

“పోవు మేడమ్. నేనుండా గదా.”

నేనుండా గదా అనేవాళ్ళను నేను అంత తొందరగా నమ్మను. ఆ కంప్యూటరులో ముసలమ్మల గొంతులున్నాయి. ఒక్కొక్కరిని బతిమాలి పాడించుకున్నవి. వాటిని ఒక రాత్రంతా ముక్కూమొహం తెలియని షాపులో వదిలిపెట్టడానికి మనసొప్పలేదు. డిస్కు ఒక్కటే కొంటానన్నాను. పెట్టె చేతికిచ్చాక దాని సీలు ఎవరైనా ఊడదీసి మళ్ళీ అంటించారేమోనని వెలుతురుకు పట్టి చూశాను.

“అట్ల తిప్పి తిప్పి చూస్తాండారేంది మేడమ్? దొంగసొమ్మా?” అన్నాడతను. నవ్వాడు గానీ కోపం వచ్చినట్టే ఉంది.

మరుసటి రోజు ఆరాధన అయ్యాక పక్కగదిలో పని మొదలుపెట్టాను. అంతకుముందు వారం రోజులు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాను. పాత డిస్కులో ఉన్న విండోసును, ఫైళ్ళను, అన్నిటినీ ఉన్నది ఉన్నట్టు కొత్తదానిలోకి దించాలి. అందుకొక ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. హెడ్మాస్టరు సార్ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అరచేతిలో పట్టే ఆ పలకను అటూ ఇటూ తిప్పి చూసి, “ఇంత ముక్కలో అంతా పడుతుందా?” అన్నారు.

“పడుతుంది సార్. దీని సైజు పాతదాంట్లో సగమే. కానీ మనది అంత లేదు.”

సీపీయూ లోపల కొత్త డిస్కుకు తగిలించడానికి ఇంకో కేబులు లేదు. సీడీలు వేసే డ్రైవును ఎవరూ వాడటం లేదు కదా అని దాని కేబులు పీకి దీనికి పెట్టాను. దాని కొస విరిగి ఉంది. గట్టిగా ఒత్తితే నిలబడింది. దించడం పూర్తయ్యాక, ఇకమీద కొత్తదానితోనే మొదలవ్వాలని సెట్టింగు మార్చి పాత డిస్కు తీయబోయాను.

సార్ నా చేయి ఆపారు.

“పీకొద్దమ్మా. దాని పాటికి దాన్ని ఉండనీ. ఈ కొత్తది ఏమన్నా చేస్తే?”

కొత్తదాని మీద నాకూ పూర్తి నమ్మకం లేదు. సరేనని రెండూ అలాగే ఉంచి మూత బిగించాను. స్విచ్ వేస్తే కంప్యూటరు, గ్లాసెడు నీళ్ళు తాగేలోపు తెరుచుకుంది. సార్ ఒకసారి ఆపి మళ్ళీ వేయించారు. “ఇంత బేగా తెరుచుకుంటే నమ్మబుద్ధి కావటంలే” అన్నారు.

ఆ రోజే ఆయనతో ఒక పాట గురించి మాట్లాడాను. దొర్నిపాడు పక్కన ఒక ఊళ్ళో ఒక అవ్వ పాడిన పాట అది. నేను మొదటిసారి పోయినప్పుడు ఆమె నా ఫోను చూసి నోరు తెరవలేదు. “నా గొంతు దాంట్లో పెట్టుకోని ఏం జేస్తావ్?” అని అడిగింది. రెండోసారి పోతే పాడింది. ఆ పాట కట్టింది ఆమె అక్కట. అక్క పోయింది. ఇప్పుడది ఈమె ఒక్కదానికే వచ్చు.

యాడ బోతివి సామీ, నన్నిడిసి యాడ బోతివి
ఈడనే ఉండానంటివే, శనగసేన్లో ఈడనే ఉండానంటివే

పాడటం అయ్యాక నా చేయి పట్టుకుని, “మార్చొద్దు మరి. మా యక్క ఎట్ల పాడిందో అట్లనే రాయాల” అంది. అట్లాగేనని వచ్చాను. సార్ సరిచూసేటప్పుడు దాన్ని ‘ఎక్కడికేగితివి స్వామీ, నను విడిచి ఎక్కడికేగితివి’ అని మార్చేశారు. కొత్త డిస్కులోకి దించే నాటికి ఫైల్లో ఉన్నది ఆయన మాటే.

“ఆమెకు మాటిచ్చినాను సార్” అన్నాను.

ఆయన తెర మీది పాటను ఇంకోసారి చదివి, “సరే. నువ్వు మాటిచ్చినావు గాబట్టి. నేనిక దాన్ని ముట్టుకోను” అన్నారు. ఆయన ముందే అవ్వ మాటలు తిరిగి టైపు చేశాను.

పది రోజులు గడిచి ఉంటాయి. ఒక సాయంత్రం స్విచ్ వేస్తే కంప్యూటరు మళ్ళీ పాత రోజుల్లో మాదిరి నసుగుతూ తెరుచుకుంది. షాపతను నాసిరకం అంటగట్టాడని లోపల తిట్టుకున్నాను. అవ్వ పాట తెరిచాను. ‘ఎక్కడికేగితివి స్వామీ’ అని ఉంది.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే. ముట్టుకోనని నా ముందర చెప్పిన మనిషి, నేను లేని పూట వచ్చి మార్చేసి పోయారు. నాకు చెప్పాలని కూడా అనిపించలేదన్నమాట. బాధకంటే ముందు మంట పుట్టింది. సరిచేయబోయి ఆగాను. సరిచేస్తే రుజువేముంటుంది? ఫోనుతో తెరను ఫొటో తీసుకుని, పాటను అలాగే వదిలేసి, తాళం వేసి ఇంటికి వచ్చేశాను.

మరుసటి సాయంత్రం కంప్యూటరు వెంటనే తెరుచుకుంది. పాట చూశాను. ‘యాడ బోతివి సామీ’ అని ఉంది.

అంటే పొద్దున వచ్చి మళ్ళీ వెనక్కి మార్చారు. ఎందుకు? నేను చూశానని ఎలా తెలిసింది? ఇక ఆ రోజు నుంచి నా పని టైపు చేయడం కాదు, కాపలా కాయడం అయింది. వెళ్ళే ముందు ప్రతి పాటనూ ఫొటో తీసుకునేదాన్ని. అన్నీ పెన్‌డ్రైవులో ఎక్కించుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగేదాన్ని. కుర్చీని ఒక గుర్తు ప్రకారం పెట్టి, మరుసటి రోజు అది ఎంత జరిగిందో చూసేదాన్ని. అంతలో సార్ రాసిన ముందుమాట కనిపించింది. బాగానే రాశారు. కానీ మధ్యలో ‘ఈ పాటలలోని భాషాదోషములను సవరించి’ అన్న చోట నా చూపు ఆగిపోయింది. ఓహో, ఆలోచన ఇదీ అనుకున్నాను. పుస్తకం అచ్చుకు పోయే ముందు రోజు వచ్చి అన్నిటినీ మార్చేస్తారు. అప్పుడు నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర సార్ నన్ను ఆపారు. పాస్టరుగారు పక్కనే ఉన్నారు.

“నా ముందుమాట ఏమాయమ్మా?”

“ఏం కావడమేంది సార్? ఉండాది గదా.”

“లేదు. నిన్న పొద్దున చూస్తే ఫైలే లేదు. గదికి తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉండాయి. నేను తీయలేదు.”

ఆ చివరి మాట ఆయన మెల్లగానే అన్నారు. అయినా మెట్లు దిగుతున్న ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. నా మొహం వేడెక్కిపోయింది. మాటలు మార్చేది ఆయన, దొంగతనం నా మీదనా?

“ఇప్పుడే పోయి చూద్దాం పదండి” అన్నాను.

ముగ్గురం గదిలోకి వెళ్ళాం. నేను స్విచ్ వేశాను. వెంటనే తెరుచుకుంది. ముందుమాట ఉండాల్సిన చోటే ఉంది. సార్ తెర దగ్గరికి వంగి చూశారు. నేను గెలిచాననుకున్నాను. ఆయన మెల్లగా నా వైపు తిరిగారు.

“నిన్న పొద్దున లేదు. ఇప్పుడుండాది. మధ్యలో వచ్చింది నువ్వే గదమ్మా. తీసినదానివి, మళ్ళీ పెట్టినావు. ఎందుకు?”

నిన్న సాయంత్రం నేను వచ్చిన మాట నిజమే. ఫైలు లేకపోతే నేను తీసినట్టు. ఉంటే నేను తిరిగి పెట్టినట్టు. నేను సరిగ్గా ఇలాగే ఆయన గురించి వారం రోజులుగా అనుకుంటున్నానన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. ఫోను తీసి నా ఫొటో చూపించాను. “మరి ఇదేంది సార్? ముట్టుకోనన్నారు గదా?”

సార్ ఫొటో చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని చూశారు. “ఇది నేను చేయలేదు” అన్నారు.

పాస్టరుగారికి ఎవరిని నమ్మాలో తెలియలేదు. “ఇకమీద ఇద్దరూ కలిసే కూర్చోండి. ఎవరూ ఒక్కరే రావద్దు” అన్నారు. ఒక తాళంచెవి తన దగ్గర ఉంచుకుంటానన్నారు. ఆ ఒకటి నాదే అయింది. పెద్దాయన దగ్గర అడగలేక నా దగ్గర అడిగారని నాకు తెలుసు. అయినా తాళాలగుత్తి నుంచి దాన్ని ఊడదీసి ఇస్తున్నప్పుడు నేరం ఒప్పుకున్నట్టు అనిపించింది. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. పుస్తకం వద్దు, ఏమీ వద్దు, మానేస్తానని మా ఇంట్లో చెప్పాను. అవ్వకిచ్చిన మాట లేకపోతే మానేసేదాన్నే.

ఆ వారం మధ్యలో ఒక రోజు సార్ మధ్యాహ్నం బస్సుకు పోకుండా నా కోసం ఆగారు. బడి వదలగానే వెళ్ళాను. ఆయన గది బయట అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను లేకుండా తాళం కూడా తీయలేదు. ఇద్దరం లోపలికి వెళ్ళాం. స్విచ్ ఆయనే వేశారు.

కంప్యూటరు తిరుగుతూ ఉంది. ఎంతకీ తెరుచుకోదు. ఎదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరం చూడకుండా ఉండటానికి అది చాలా పెద్ద సమయం. చివరికి తెరుచుకుంది. ముందుమాట లేదు.

ఆయన నా చేతుల వైపు చూశారు. అవి నా ఒళ్ళో ఉన్నాయి. నేను ఆయన చేతుల వైపు చూశాను. మౌసు మీద ఉన్నాయి గానీ, ఆయన చేసిందల్లా ఒక ఫోల్డరు తెరవడం. అది నా కళ్ళ ముందరే జరిగింది.

“ప్రభువా” అన్నారు సార్. లేచి కిటికీలోంచి బయటికి చూశారు. “ఎవురో మూడో మనిషి ఉండాడు. ఆ నంద్యాల షాపోడే, ఆన్నుంచే తీస్తాండాడేమో.”

“ఇక్కడ నెట్టే లేదు సార్.”

అప్పటికి నాకూ భయమేసింది. అనుమానించడానికి మనిషి లేకపోతే అనుమానం ఎంత భయంగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కానీ నా మనసులో ఒక సంగతి గీరుతూ ఉంది. ఇది ఇంత నిదానంగా ఎందుకు తెరుచుకుంది? ఆదివారం వెంటనే తెరుచుకుంది కదా?

“సార్, ముందుమాట లేదన్న రోజు కూడా ఇట్లనే నసిగిందా?”

ఆయన ఆలోచించారు. “అవును. తరగతిలో హాజరు పిలిచేంత సేపు పట్టింది. కొత్తది చెడిపోయిందేమో, చెప్తే నువ్వు బాధపడతావని చెప్పలేదు.”

నేను ఫొటో తీసిన సాయంత్రం కూడా అంతే. నసిగిన రోజున పాత మాటలు. వెంటనే తెరుచుకున్న రోజున కొత్త మాటలు. డిస్కు సైజు ఎంత చూపిస్తుందో చూశాను. కొత్తదాని సైజు కాదు, దానికి రెట్టింపు. పాత డిస్కు సైజు.

కంప్యూటరు ఆపి మూత విప్పాను. కొస విరిగిన కేబులు కొత్త డిస్కును పట్టుకున్నట్టే కనిపించింది గానీ, వేలు తగలగానే ఊడి చేతిలోకి వచ్చింది. బల్ల కింద సీపీయూకు ఎవరి కాలు తగిలినా, ఊడ్చేటప్పుడు పక్కకు జరిపినా ఆ కేబులు వదులవుతోంది, ఇంకోసారి కదిలితే మళ్ళీ తగులుతోంది. కొత్త డిస్కు అందకపోతే కంప్యూటరు చప్పుడు చేయకుండా పాతదానితో మొదలవుతోంది. రెండిట్లోనూ అదే విండోసు, తెర మీద అదే బొమ్మ, అవే ఫోల్డర్లు. కొత్తదానితో నడిచేటప్పుడు పాతది కనిపించదు. అచ్చం ఒకేలాంటి డిస్కులు రెండు తగిలితే విండోసు ఒకదాన్ని పక్కన పెట్టేస్తుందట. ఆ సంగతి తర్వాత చదివి తెలుసుకున్నాను.

“ఇది ఒకటి గాదు సార్, రెండు” అని చెప్పాను. ఆయన రెండు డిస్కులనూ మార్చి మార్చి చూశారు.

“అంటే నేను ఒక పుస్తకంలో రాస్తాండా, నువ్వు ఇంగోదాంట్లో సూస్తాండావ్.”

“ఒక్కోసారి, సార్.”

ఆయన కుర్చీలో కూలబడ్డారు. నవ్వారో, ఊపిరి వదిలారో నాకు తెలియలేదు.

పాతదానిలో ఏమేం రాసి ఉన్నామో చూసి, అన్నీ ఒకచోట చేర్చాలి. నసిగిన రోజుల్లో ఇద్దరం కొన్ని పాటలు దానిలోనే టైపు చేశాం. పాతదాన్ని ఒక్కదాన్నే తగిలించి ఒక్కొక్క ఫైలు తెరుస్తూ పోయాం. అవ్వ పాట దగ్గరికి వచ్చాం. దానిలో ‘ఎక్కడికేగితివి’ ఉండాలి. నేను ఫొటో తీసింది అదే, తీశాక ముట్టుకోకుండా వదిలేశాను.

‘యాడ బోతివి సామీ, నన్నిడిసి యాడ బోతివి’ అని ఉంది.

“ఇది మీరు మార్చినారా సార్?”

“ముందుమాట పోయిన రోజే. ఫైలు వెతుకుతాంటే ఇది కనపడింది. నువ్వు ఆపొద్దు టైపు చేసి సేవ్ చేసేది మర్చిపోయినావేమో అనుకుంటి. ఆ యమ్మకు మాట ఇచ్చినా అంటివి గదా. సరిజేసి పోతి. ఆదివారం ఆ మాట చెప్పినా నువ్వు నమ్మవని ఊరకుంటి.”

ముందుమాటను నేనే దొంగిలించానని అనుకుంటున్న పూట, నేనిచ్చిన మాట చెడకూడదని కూర్చుని టైపు చేశారాయన. నాకు తల ఎత్తి ఆయనను చూడటం కష్టమైంది. ఆయనే మాట్లాడారు. బడిలో పాఠం చెప్పే తెలుగు కాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు.

“ట్రైనింగుకు కోస్తా పక్క పోయినప్పుడు నేను నోరు తెరిస్తే నవ్వేటోళ్ళు. ఒగసారి బస్టాండు యాడ అని అడిగినా. ఆపొద్దు నించి హాస్టల్లో నా పేరే యాడ. ‘ఏయ్ యాడ, ఇట్రా’ అనేటోళ్ళు. రెండేండ్లు. ఆ అవ్వ మాట అచ్చులో సూసి ఎవురన్నా అట్ల నవ్వుతారేమోనని మార్చినా. అంతకంటే నా మనసులో ఏమీ ల్యా.”

“చెప్పి ఉంటే బాగుండేది సార్.”

“ఏమని చెప్తా? టీచరుగా ఉంటి గదా నీకు.”

తర్వాత ఆయన ముందుమాట తెరిచి, ‘భాషాదోషములను సవరించి’ అన్న ముక్కను నేను చూస్తుండగానే తీసేశారు. దాని బదులు ఏమీ రాయలేదు. పోతూ పోతూ పాస్టరుగారింటి దగ్గర ఆగి, నా తాళంచెవి అడిగి తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆయనతో ఏం చెప్పారో నేను అడగలేదు. కొత్త కేబులు వేశాను. పాత డిస్కు పీకేశాను. దాన్ని మాత్రం సార్ ఒక చేతిగుడ్డలో చుట్టుకుని నంద్యాల తీసుకుపోయారు, ఎందుకైనా మంచిదని.

పాటలన్నీ సరిచూడటం పూర్తయ్యాక ఇద్దరం నంద్యాలలో ప్రెస్సుకు వెళ్ళాం. ప్రెస్సాయన పెన్‌డ్రైవు పెట్టుకుని, తెర మీద పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు.

“సార్, ఈడ తప్పు పడినట్టుంది. యాడ అని ఉంది. ఎక్కడ అని పెట్టేదా?”

ఇది చదివి నవ్వేవాళ్ళలో మొదటివాడు ఇతనేనా అని నేను అతని మొహంలోకి చూశాను. అతను నవ్వడం లేదు, నిజంగానే అడుగుతున్నాడు.

“తప్పు గాదప్పా. ఆ యమ్మ అట్లనే పాడుతాది. అట్లనే ఉండనీ” అన్నారు సార్.

అతను సరేనని తలూపి, “పెన్‌డ్రైవు ఈడ పెట్టి పోండి, రేపు ఎక్కించుకుంటా” అన్నాడు.

“వద్దు” అన్నాం ఇద్దరం ఒకేసారి.

అతను మా ఇద్దరినీ వింతగా చూశాడు. బయట ఎండ మండిపోతోంది, ఆళ్ళగడ్డ బస్సుకు టైము అవుతోంది. అయినా లోపల బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. అతను ఒక్కొక్క ఫైలూ ఎక్కించుకుని, మేమిద్దరం తెర మీద తెరిచి చూసుకుని, పెన్‌డ్రైవు సార్ జేబులో పడేదాకా అక్కడి నుంచి లేవలేదు.